బజ్జీల నూనెతో బండి నడపాలంటే

(పలాస-కాశీబుగ్గలో హోటళ్ల వాళ్లు, ఆటో, ట్రాక్టర్ యజమానులు, పాలిటెక్నిక్ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. హోటళ్ల వాళ్లు టిఫిన్ల హడావుడి ముగించుకుని, ఆటో వాళ్లు బేరాలు వదులుకుని వచ్చారు. అందుకే ఉపోద్ఘాతం పెట్టుకోకుండా, అందరూ అడిగే ప్రశ్నలకు ముందే జవాబు చెప్పేస్తాను. వాడేసిన వంట నూనెతో డీజిల్ బండి నడుస్తుందా? నడుస్తుంది. డబ్బు మిగులుతుందా? కొద్దిగా మిగులుతుంది, అదీ నూనె ఊరికే వస్తేనే. మరి ఇంత శ్రమ ఎందుకంటారా? మన బజారులో నల్లబడిపోయిన నూనె చివరికి ఎక్కడికి పోతోందో మీకు తెలుసు. పెద్ద హోటల్ మూకుడులోంచి తీసేసిన నూనెను చిన్న బండి వాడు సగం ధరకు కొంటాడు. అందులో మళ్లీ పునుగులు వేస్తాడు, వాటిని మన పిల్లలే తింటారు. ఆ నూనె కడుపులోకి కాకుండా ఇంజన్‌లోకి పోవాలని చెప్పడానికే వచ్చాను. డీజిల్ ఖర్చు సంగతి ఆ తర్వాత.

ఆహార భద్రతా సంస్థ కూడా అదే అంటోంది. నూనెను మళ్లీమళ్లీ కాచితే అది విరిగిపోయి, పోలార్ పదార్థాలు అనే చెడు సరుకు అందులో పెరుగుతుంది. ఆ పదార్థాలు 25 శాతం దాటితే ఆ నూనె వంటకు పనికిరాదని 2018 జులై 1 నుంచి నిబంధన ఉంది. అదే ఏడాది ఆగస్టులో, వాడేసిన నూనెను సేకరించి బయోడీజిల్ చేయించడానికి రూకో అనే కార్యక్రమం మొదలుపెట్టారు. కాగితం మీద బాగానే ఉంది. కానీ మిర్చి బజ్జీల బండి దగ్గర పోలార్ పదార్థాలు కొలిచేది ఎవరు?

ఆగస్టు 10ని ప్రపంచ జీవ ఇంధన దినం అంటారు. 1893లో ఆ రోజున రుడాల్ఫ్ డీజిల్ వేరుశనగ నూనెతో ఇంజన్ నడిపాడని ప్రతి ఏటా వాట్సాప్‌లో ఒక సందేశం తిరుగుతుంది. అది నిజం కాదు. ఆ తేదీన జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో ఆయన తన మొదటి ఇంజన్‌ను పరీక్షించాడు, అంతే. వేరుశనగ నూనెతో ఒక చిన్న డీజిల్ ఇంజన్ నడిచింది 1900 నాటి పారిస్ ప్రదర్శనలో. మామూలు డీజిల్‌తో నడుస్తున్నట్టే నడవడంతో చాలామందికి తేడాయే తెలియలేదట.

అలాంటప్పుడు నూనెను వడగట్టి నేరుగా ట్యాంకులో పోసేస్తే పోలేదా? కొందరు పోస్తున్నారు కూడా. పాత రకం పంపుసెట్టు కొన్నాళ్లు నడుస్తుంది, తర్వాత మొరాయిస్తుంది. వంట నూనె చిక్కదనం డీజిల్‌కు దాదాపు పది రెట్లు. ఇంజెక్టర్ దాన్ని సన్నటి తుంపరగా చిమ్మలేదు. సగం కాలిన నూనె నాజిల్ మీద, పిస్టన్ రింగుల దగ్గర మసిగా పేరుకుంటుంది. మెకానిక్ తమ్ముళ్లకు ఇది నేను చెప్పక్కర్లేదు. కాబట్టి నూనెను పలచన చేయాలి. కిరోసిన్ కలపడం దానికి మార్గం కాదు, నూనె అణువునే విడగొట్టాలి.

నూనె అణువులో ఒక గ్లిజరిన్‌ను పట్టుకుని మూడు పొడవాటి కొవ్వు గొలుసులు ఉంటాయి. కాస్టిక్ సోడా సాయంతో మిథనాల్ అనే ఒక రకం ఆల్కహాల్ ఆ మూడింటినీ విడదీసి, ఒక్కొక్కదానికీ తాను అంటుకుంటుంది. అలా తయారైన మిథైల్ ఎస్టర్లే బయోడీజిల్. విడిపోయిన గ్లిజరిన్ బరువుగా అడుక్కి దిగుతుంది. 1937లో బెల్జియంలో శవాన్ అనే ఆయన పామాయిల్ మీద దాదాపు ఇదే పని చేసి పేటెంట్ తీసుకున్నాడు. మరుసటి ఏడాది బ్రస్సెల్స్ నుంచి లూవెన్‌కు ఆ ఇంధనంతో బస్సు నడిచింది.

ఇక పని సంగతి. పాత నూనెను పల్చటి గుడ్డలో వడగట్టాలి. తర్వాత వంద డిగ్రీలు దాటే దాకా కాచాలి. లోపలి నీరు చిటపటమంటూ పోతుంది. చిటపటలు ఆగే దాకా పొయ్యి మీదే ఉంచండి. నీరు మిగిలితే తయారయ్యేది బయోడీజిల్ కాదు, సబ్బు. పాత్ర స్టీలుదే కావాలి. అల్యూమినియం గిన్నెలో కాస్టిక్ వేస్తే గిన్నెనే తినేస్తుంది, పైగా హైడ్రోజన్ వాయువు పుడుతుంది.

తర్వాత చేసే పరీక్షను చాలామంది వదిలేస్తారు. అక్కడే పని చెడుతుంది. వాడిన కొద్దీ నూనెలో ఆమ్లాలు పెరుగుతాయి, ఎంత పెరిగాయో తెలియకుండా కాస్టిక్ ఎంత వేయాలో చెప్పలేం. ఒక మిల్లీలీటరు నూనెను పది మిల్లీలీటర్ల ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కలపండి. లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో ఒక గ్రాము కాస్టిక్ కరిగించి పెట్టుకున్న ద్రావణాన్ని సిరంజితో బొట్టు బొట్టుగా అందులో వదలండి. ల్యాబుల్లో వాడే ఫినాఫ్తలీన్ అనే రంగు సూచిక రెండు బొట్లు ముందే వేసి ఉంటే గులాబీ రంగు వస్తుంది. అది లేదా, చిటికెడు పసుపు వేయండి. పచ్చగా ఉన్నది ఎర్రబడుతుంది. సున్నం తగిలిన పసుపు పారాణి అవడం మన ఆడవాళ్లకు తెలిసిందే, ఇదీ అదే రసాయనం. రంగు పది పదిహేను సెకన్లు నిలిచిందంటే ఆపి, ఎన్ని మిల్లీలీటర్లు పట్టిందో చూడండి. దానికి మూడున్నర కలపండి. లీటరు నూనెకు అన్ని గ్రాముల కాస్టిక్ కావాలి. రెండు మిల్లీలీటర్లు పట్టిందంటే ఐదున్నర గ్రాములు. ఏడెనిమిది మిల్లీలీటర్లు మింగేసిందంటే ఆ నూనెతో ఇంట్లో కుస్తీ పట్టకండి, సేకరించే కంపెనీకి ఇచ్చేయండి. ఇంకొక మాట, కాస్టిక్ సోడా అంటే కాస్టిక్ సోడాయే. చాకలి సోడా కాదు, వంట సోడా అసలే కాదు.

పది లీటర్ల నూనెకు రెండు లీటర్ల మిథనాల్ పడుతుంది. ఇక్కడ కాస్త గట్టిగా మాట్లాడాలి. కల్తీ సారా తాగి కళ్లు పోయాయని, ప్రాణాలు పోయాయని పేపర్లో చదువుతాం. చాలాసార్లు ఆ సారాలో కలిసేది ఈ మిథనాలే. రెండు మూడు చెంచాలు లోపలికి పోయినా చూపు పోవచ్చు. చర్మం గుండా కూడా ఒంట్లోకి దిగుతుంది. దాని మంట పగటి వెలుగులో కంటికి ఆనదు, అంటుకున్నది తెలిసేలోపు చెయ్యి కాలుతుంది. వాసన, రంగు చూస్తే సారాలాగే ఉంటుంది కాబట్టి ఇంట్లో తాగే అలవాటున్న వాళ్లుంటే ఈ పని పెట్టుకోకండి. నవ్వకండి, నిజంగానే అంటున్నాను. విష పదార్థాల చట్టం కింద దాని మీద నియంత్రణ ఉంది. లైసెన్సున్న డీలర్ దగ్గర, కాగితాలతోనే కొనాలి. వంటింట్లో వద్దు, గాలి ఆడే పెరట్లోనో షెడ్డులోనో చేయండి. మిథనాల్ డబ్బా మూత తీసే చోట పొయ్యి గానీ, బీడీ గానీ ఉండకూడదు. రబ్బరు గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. పక్కన బకెట్ నీళ్లు పెట్టుకోండి. కాస్టిక్ కంట్లో పడితే వెంటనే నీళ్లతో కడుగుతూ ఆస్పత్రికి పరిగెత్తాలి.

కాస్టిక్‌ను మందపాటి ప్లాస్టిక్ క్యాన్‌లో మిథనాల్‌తో కలిపి పూర్తిగా కరగనివ్వండి. క్యాన్ వేడెక్కుతుంది, కంగారు పడకండి. పొయ్యి ఆర్పేసి, నూనె 55 డిగ్రీలకు దిగాక దాన్ని దూరంగా తీసుకెళ్లి, అప్పుడు ఈ మిశ్రమాన్ని పోయండి. నూనె అంతకంటే వేడిగా ఉంటే మిథనాల్ ఆవిరైపోతుంది, అది మరిగేది 65 డిగ్రీల దగ్గరే. గంటకు పైగా కలిపి, రాత్రంతా కదపకుండా వదిలేయండి. తెల్లారేసరికి అడుగున బెల్లం పాకం రంగులో గ్లిజరిన్, పైన తేనె రంగులో బయోడీజిల్ విడివిడిగా కనిపిస్తాయి.

పని అయిపోయింది అనుకుని అప్పుడే ట్యాంకులో పోసేసేవాళ్లున్నారు. అందులో ఇంకా సబ్బు, కాస్టిక్, మిథనాల్ ఉంటాయి. నీళ్లతో కడగాలి. మొదటిసారి డబ్బా ఊపితే మొత్తం కలిసిపోయి మజ్జిగైపోతుంది, ఇక ఒక పట్టాన విడిపోదు. పైనుంచి సన్నగా నీళ్లు చిలకరించి వదిలేయండి. కడిగిన నీళ్లు తేటగా వచ్చే దాకా మూడు నాలుగు సార్లు మార్చాలి. చివరిలో తడి పోయే దాకా ఆరబెట్టాలి. సీసాలోంచి చూస్తే వెనకున్న పేపరు మీది అక్షరాలు చదవగలగాలి. పని పూర్తయిందో లేదో తేల్చే పరీక్ష ఇంకొకటుంది. 27 మిల్లీలీటర్ల మిథనాల్‌లో 3 మిల్లీలీటర్ల బయోడీజిల్ పోయండి. మొత్తం కరిగిపోతే సరే. అడుగున నూనె బొట్లు నిలిస్తే సగమే పనయిందన్నమాట, మళ్లీ చేయాలి. రోడ్డు పక్కన బయోడీజిల్ బోర్డు పెట్టి అమ్మేదంతా బయోడీజిల్ కాదని కూడా ఈ పరీక్షతో చాలావరకు బయటపడుతుంది.

గ్లిజరిన్‌ను, కడిగిన నీళ్లను చెరువులో పోయకండి. వాటిలో మిథనాల్, కాస్టిక్ ఉంటాయి. ఆ గ్లిజరిన్‌తో ఒంటి సబ్బు చేస్తామని యూట్యూబ్ చూసి బయలుదేరకండి. వర్క్‌షాపులో గ్రీజు మరకలు కడగడానికి వాడుకోండి చాలు, అదీ మిథనాల్ మొత్తం పోయాకే.

ఎందులో పోయాలి? పాత ట్రాక్టరు, పంపుసెట్టు, జనరేటరు, పాత డీజిల్ ఆటో, వీటిలో పోయండి. వంద లీటర్ల డీజిల్‌లో ఇరవై లీటర్లతో మొదలుపెట్టండి. బయోడీజిల్ ట్యాంకులో ఏళ్ల తరబడి పేరుకున్న మడ్డిని కడిగేస్తుంది, అదంతా ఫిల్టర్‌కు అడ్డం పడుతుంది. మొదటి రెండు మూడు ట్యాంకుల తర్వాత ఫిల్టర్ మార్చేయండి. పాత రబ్బరు పైపులు మెత్తబడి కారతాయి, వాటి మీదా కన్నేసి ఉంచండి. మైలేజీ కొద్దిగా తగ్గుతుంది, పొగ బాగా తగ్గుతుంది, వెనకాల బజ్జీల వాసన వస్తుంది. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్ 6 బండ్లలో మాత్రం దయచేసి ఇంట్లో చేసింది పోయకండి. వాటి పొగ గొట్టంలో మసి ఫిల్టర్ ఉంటుంది. దాన్ని శుభ్రం చేసుకోవడానికి ఇంజన్ అదనంగా ఇంధనం చిమ్ముతుంది. బయోడీజిల్ త్వరగా ఆవిరి కాదు కాబట్టి ఇంజన్ ఆయిల్‌లోకి దిగిపోతుంది. వారంటీ సంగతి వేరే చెప్పాలా?

మన బజ్జీల నూనెలో ఎక్కువ భాగం పామాయిలే. దాని బయోడీజిల్ పదిహేను డిగ్రీలకు అటూ ఇటూగా మబ్బు పట్టి గడ్డ కట్టడం మొదలుపెడుతుంది. పలాసలో ఏడాదిలో ఎక్కువ రోజులు బాధ లేదు. ధనుర్మాసంలో తెల్లవారుజామున సీతంపేట కొండల మీదికి వెళ్లే బండిలో మాత్రం డీజిల్ వాటా ఎక్కువ ఉంచండి. చేసినది ఆరు నెలల్లో వాడేయండి. చట్టం సంగతి కూడా వినండి. ఇంట్లో చేసింది ఎవరికీ అమ్మకండి. అమ్మకానికి ఐఎస్ 15607 ప్రమాణం, 2019 నాటి కేంద్ర మార్గదర్శకాలు, అనుమతులు ఉన్నాయి.

పలాస వాళ్లు ఎలాగూ అడుగుతారు కాబట్టి నేనే చెప్పేస్తాను. జీడి పిక్కల తొక్కల్లో అంత నూనె ఉంది కదా, దాన్ని వాడకూడదా? పేరుకు నూనే గానీ అది వంట నూనెల జాతి కాదు. అనకార్డిక్ ఆమ్లం, కార్డనాల్ లాంటి ఫినాల్ పదార్థాల మిశ్రమం. అందులో గ్లిజరిన్ లేదు, కాబట్టి మిథనాల్ విడగొట్టడానికి ఏమీ లేదు. పిక్కలు కొట్టే ఆడవాళ్ల చేతులు కాలేది దానితోనే. పెయింట్లకు, బ్రేకు లైనింగులకు అది వేరే విలువైన సరుకు, అక్కడికే పోనివ్వండి.

కానుగ సంగతి వేరు. ఎవరూ తినని నూనె, రోడ్ల పక్కనే చెట్లు. నాలుగు కిలోల గింజలు గానుగ ఆడిస్తే సుమారు కిలో నూనె వస్తుంది. ఇచ్ఛాపురం దాటితే ఒడిశాలోని గంజాం, గజపతి ప్రాంతాల గిరిజన గ్రామాల్లో గ్రామ్ వికాస్ సంస్థ, కెనడాకు చెందిన మరో సంస్థతో కలిసి 2000ల దశకంలో దీన్ని చేసి చూపింది. కానుగ, ఇప్ప, వలిసె నూనెలతో, పెడల్ తొక్కి కలిపే యంత్రంలో బయోడీజిల్ చేసి, దానితో ఊరి ట్యాంకుకు నీళ్లు తోడారు. ఊరి గింజలు, ఊరి పంపు. అంతకుమించి ఆశపడలేదు కాబట్టే నాకు అది నచ్చింది. ఇప్ప నూనె విషయంలో నాకొక అభ్యంతరం ఉంది. మన ఏజెన్సీలో దాన్ని వండుకు తింటారు. తినేవాళ్ల దగ్గర్నుంచి కొని ఇంజన్‌లో పోయడం న్యాయం కాదు.

అదే కాలంలో దేశమంతా బయోడీజిల్ కోసం అడవి ఆముదం, అంటే జట్రోఫా వెనక పరిగెత్తింది. 2003లో ప్రణాళికా సంఘం కమిటీ దాన్నే నమ్ముకుంది. 2009 నాటి జీవ ఇంధన విధానం 2017 నాటికి డీజిల్‌లో 20 శాతం బయోడీజిల్ కలపాలంది. బీడు భూముల్లో నీళ్లు లేకుండా కాపు వస్తుందన్నారు, చెప్పినంత రాలేదు, రైతులు పీకేశారు. 2018 విధానంలో లక్ష్యం 2030 నాటికి 5 శాతానికి దిగింది. ఇక కొత్త నూనె కొని బయోడీజిల్ చేద్దామనేవాళ్లకు నేను చెప్పేదేమీ లేదు, రెండు ధరలూ పక్కపక్కన రాసుకుంటే చాలు.

హోటళ్ల వాళ్లలో కొందరు సీసాల్లో పాత నూనె తెచ్చారు. ఒక్కొక్కరుగా ఈ టేబుల్ దగ్గరికి రండి, పసుపు పరీక్ష ఇక్కడే చేద్దాం. పాలిటెక్నిక్ పిల్లలు సిరంజి పట్టుకుంటారు. మిథనాల్ నేను తేలేదు, కాబట్టి భయం లేదు. ఎవరి సీసాకు ఎన్ని మిల్లీలీటర్లు పట్టిందో బోర్డు మీద రాద్దాం, హోటల్ పేరు మాత్రం రాయం.