ఐదేళ్ల ప్రశ్నకు మూడేళ్ల డబ్బు

అందరికీ నమస్కారం. ఇంత ఎండలో అనంతపురం దాకా వచ్చారు, కాబట్టి నేరుగా విషయానికి వస్తాను: మొదలుపెట్టిన పరిశోధనకు డబ్బు మధ్యలో ఆపకూడదు.

మా జేజి కాలంలో టీబీ వస్తే మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానటోరియానికి పోవాల్సిందే. నెలల తరబడి అక్కడే ఉండాలి, ఇంట్లో ఉంటే పిల్లలకు అంటుకుంటుందని భయం, అక్కడ మంచం దొరకని వాళ్ల గతి ఏమిటో మీకు తెలుసు. ఇప్పుడు టీబీ వచ్చినాయన ఇంట్లోనే ఉండి మాత్రలు మింగుతున్నాడంటే దానికి కారణం మద్రాసులో 1956లో మొదలైన ఒక పరిశోధన. 193 మంది పేద రోగుల్లో కొందరిని శానటోరియంలో పెట్టి, మిగిలినవాళ్లను వాళ్ల ఇరుకిళ్లలోనే ఉంచి, అందరికీ ఏడాదిపాటు అవే మందులిచ్చారు. ఇంటి దగ్గరున్న వాళ్లకూ దాదాపు అంతే బాగా నయమైందని 1959లో ప్రకటించారు. అక్కడితో ఆపలేదు. ఇంట్లో వాళ్లకు జబ్బు ఎక్కువగా అంటుకుంటుందేమోనని ఐదేళ్లు కనిపెట్టి చూశారు, అలా జరగలేదని తేల్చారు.

ఆ ఐదేళ్లు ఎంత ముఖ్యమో నాకు బాగా తెలుసు. నేనూ ఒక ప్రాజెక్టులో ధర్మవరం వైపు పల్లెల్లో టీబీ రోగుల ఇళ్లకు తిరిగాను. ఆరు నెలలకొకసారి ఇంట్లో అందరి రక్తం తీయాలి, దగ్గు ఉందా అని అడగాలి, ఐదేళ్లు. నాలుగో ఏడు గ్రాంటు రాలేదు. జీతాలు ఆగాయి, తోటివాళ్లు వేరే ఉద్యోగాలు చూసుకున్నారు, శాంపిళ్లు ఫ్రీజర్‌లోనే ఉండిపోయాయి. తర్వాత బస్టాండులో ఒక అవ్వ నన్ను గుర్తుపట్టి, "ఏం పాపా, ఈ తూరి రక్తం తీసేకి రాలేదే?" అని అడిగింది. నేను ఏమీ చెప్పలేకపోయాను. మిగతా రెండేళ్ల డబ్బు ఇప్పుడిచ్చినా ఆ ఇళ్లలో మధ్యలో ఏం జరిగిందో తెలుసుకోలేం, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సిందే.

"ఆసుపత్రిలో మంచాలకే డబ్బుల్లేవు, పరిశోధన ఎందుకు?" అని చాలామంది అడుగుతారు, న్యాయమైన ప్రశ్నే. కానీ మద్రాసు పరిశోధన చేసిందేమిటి, లక్షల మందికి అసలు మంచమే అక్కర్లేదని చూపించింది కదా! మామూలు మందులకు లొంగని మొండి టీబీకి ఏడాదిన్నర, రెండేళ్లు సాగే వైద్యాన్ని ఆరు నెలలకు తగ్గించే మందుల కోర్సుకు మన కేంద్ర ఆరోగ్య శాఖ 2024లో అనుమతినిచ్చింది. అదీ ఏళ్లకేళ్లు ట్రయల్స్ చేస్తేనే వచ్చింది. అమెరికా 2025లో విదేశీ సాయం ఆపేస్తే కొన్ని దేశాల్లో టీబీ ట్రయల్స్ మధ్యలోనే నిలిచిపోయాయి.

2020-21 లెక్క ప్రకారం మన దేశం వంద రూపాయల జీడీపీలో 64 పైసలు పరిశోధనకు ఖర్చు పెట్టింది, వైద్యం, వ్యవసాయం, అంతరిక్షం, రక్షణ అన్నీ కలిపి. అందులో ఇంకా కోసేది ఎక్కడ?

శాంక్షన్ అయిన ప్రాజెక్టుకు చివరి ఏడాది దాకా టైముకు డబ్బు విడుదల చేయాలి, మధ్యలో కోయకూడదు. ఇదే విషయం మన ఎంపీలకు రాశాం, ఆ లేఖ తలుపు దగ్గర బల్ల మీద ఉంది. చదవండి, సరే అనిపిస్తే సంతకం పెట్టండి, మీ ఊరి పేరు కూడా రాయండి.