పేగుకి కావాల్సింది కోపం కాదు, ఓర్పు

అందరికీ నమస్తే అండీ. ఇమ్యూనిటీ పెంచుకోండి పెంచుకోండి అని రోజూ ఎక్కడో ఒకచోట వింటూనే ఉంటాం కదా, ఇవాళ నేను చెప్పేది దానికి కాస్త ఎదురుగా ఉంటుంది, ఎందుకంటే పేగులో ఇమ్యూనిటీకి ఉన్న పెద్ద పని పోట్లాడటం కాదు, ఊరుకోవడం.

మన ఒంట్లో బ్యాక్టీరియా సుమారు 38 లక్షల కోట్లు అని 2016లో ఒక అంచనా వచ్చింది, అందులో చాలా భాగం ఉండేది పెద్దపేగులోనే. వాటికీ మన రక్తానికీ మధ్య అడ్డంగా ఉన్నది ఎన్ని వరసల కణాలో తెలుసా, ఒక్కటంటే ఒక్క వరస! వెంట్రుక మందం కూడా ఉండదు. ఆ కణాల్లో ఎక్కువ భాగం మూడు నుంచి ఐదు రోజుల్లో రాలిపోయి కింద గుంటల్లో ఉండే స్టెమ్ సెల్స్ నుంచి కొత్తవి పుట్టుకొస్తాయి, అంటే పోయిన వారం మీ పేగుకి ఉన్న లోపలి పొర ఇప్పుడు దాదాపు లేనట్టే.

ఈ పొరని చాలామంది ఉత్త గోడ అనుకుంటారు. కాదండీ, ఇది పని చేసే గోడ. ఇందులో గాబ్లెట్ సెల్స్ అని ఉంటాయి, అవి జిగురు వదులుతాయి, పెద్దపేగులో ఆ జిగురు రెండు పొరలుగా ఉంటుంది, పైపొర వదులుగా ఉంటుంది కాబట్టి బ్యాక్టీరియా అక్కడ కాపురం పెడతాయి, లోపలి పొర చిక్కగా ఉండి వాటిని దాదాపు రానివ్వదు. ఆ జిగురుకి ముఖ్యమైన ప్రోటీన్ తయారుకాకుండా చేసిన ఎలుకలకి పెద్దపేగులో వాపు దానంతట అదే వచ్చేసింది, ఎవరూ ఏ రోగమూ ఎక్కించలేదు!

నాకు బాగా నచ్చేది మాత్రం ఐజీఏ అనే యాంటీబాడీ, అంటే క్రిములకి అంటుకునే మన రక్షణ ప్రోటీన్. మిగతా యాంటీబాడీలన్నీ కలిపినా దీనంత తయారవ్వవు, రోజుకి గ్రాముల్లో వస్తుంది, పేగు పొర కణాలే దాన్ని ఒంటి వైపు నుంచి తీసుకుని బ్యాక్టీరియా ఉండే వైపుకి పంపిస్తాయి. అది బ్యాక్టీరియాని చంపడం కంటే ఎక్కువగా చేసేది చుట్టూ అంటుకుని పొర దగ్గరికి రాకుండా ఆపడం. గొడవ లేదు, వాపు లేదు.

మరి ఇన్ఫ్లమేషన్, అంటే ఆ వాపు, ఎప్పుడొస్తుంది? ఈ కట్టడి తెగినప్పుడు. బ్యాక్టీరియా ముక్కలు లోపలికి వెళ్తే ఇమ్యూన్ కణాలు టీఎన్ఎఫ్ లాంటి వాపు పెంచే ప్రోటీన్లని వదులుతాయి, అవి కణాల్ని ఒకదానికొకటి బిగించి ఉంచే టైట్ జంక్షన్స్‌ని వదులు చేస్తాయి, దాంతో ఇంకొన్ని లోపలికి, ఇంకా వాపు, అలా తిరుగుతూనే ఉంటుంది. క్రోన్స్‌లో, అల్సరేటివ్ కొలైటిస్‌లో అంటే పేగులో ఏళ్ళ తరబడి వాపు ఉండే జబ్బుల్లో, ఈ చక్రమే నడుస్తుంది, టీఎన్ఎఫ్‌ని అడ్డుకునే ఇంజెక్షన్లు చాలామందికి పని చేసేది కూడా అందుకే.

లీకీ గట్, అంటే పేగు పొర వదులై కారుతోంది అంటారే, దాని గురించి కూడా ఒక మాట. పొర వదులవడం నిజం, క్రోన్స్‌లో, గ్లూటెన్ అనే గోధుమ ప్రోటీన్ పడని సీలియాక్‌లో కొలిచి చూశారు కూడా, కానీ అలసటకీ మొటిమలకీ అన్నిటికీ అదే కారణమని చెప్పి పౌడర్లు అమ్మడం ఉంది చూశారూ, దానికి ఆధారం లేదు, నాకు నిజంగా బాధేస్తుంది జబ్బుతో ఉన్నవాళ్ళ డబ్బులు అలా పోతుంటే. పొరని నిజంగా దెబ్బతీసేవి వేరే ఉన్నాయి, ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు రోజుల తరబడి సొంతంగా వాడటం అందులో ఒకటి. పీచు తినడం మాత్రం పనికొస్తుంది, బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి బ్యూటిరేట్ చేస్తాయి, పెద్దపేగు కణాలకి అదే ముఖ్యమైన తిండి. అయితే వాపు బాగా ఉన్నప్పుడు, పేగు దారి ఇరుకైనప్పుడు ఎంత తినాలో డాక్టర్‌ని అడిగే తినండి.

విరేచనంలో రక్తం పడుతున్నా, రాత్రి నిద్రలోంచి లేపేలా విరేచనాలు అవుతున్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా పైల్స్ అయ్యుంటుందిలే అని నెలలు గడపొద్దు, గ్యాస్ట్రో డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. కాల్‌ప్రొటెక్టిన్ అని మలం టెస్ట్ రాయొచ్చు, తెల్లరక్తకణాలు పేగులోకి వచ్చి పోరాడుతుంటే వాటిలోంచి బయటపడే ప్రోటీన్ అది, ఎక్కువగా ఉంటే పేగులో వాపు ఉండొచ్చని అర్థం, అది ఎందుకో తేల్చడానికి కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే కొలనోస్కోపీ చేయాల్సి రావచ్చు.