తరంగాల కిట్ రివ్యూ: ఈ స్టీల్ స్ప్రింగ్ కోసమైనా కొనొచ్చు

నమస్తే అండీ. ముందే చెప్పేస్తున్నా, ఈ తరంగాల కిట్‌ను కంపెనీ వాళ్లే ఫ్రీగా పంపారు. డబ్బులేమీ ఇవ్వలేదు, వీడియో ముందుగా చూపించమని అడగలేదు. డబ్బాలో ఏమేం ఉన్నాయో మీరు అన్‌బాక్సింగ్ వీడియోల్లో చూసే ఉంటారు. కాబట్టి నేరుగా స్లింకీ దగ్గరికి వచ్చేస్తా.

ఇదిగో, స్టీల్ స్ప్రింగ్. చేతిలోకి తీసుకుంటేనే బరువు తెలుస్తోంది. ఇంతకుముందు నా దగ్గర రంగురంగుల ప్లాస్టిక్‌ది ఉండేది. ఊపితే అల అవతలి కొసకు చేరేలోపే నీరసించిపోయేది. చిక్కుపడిందంటే ఇక విప్పలేం. ఇది అలా కాదు. టైల్స్ మీద పరిచాం, అవతలి కొస మా అమ్మాయి గట్టిగా పట్టుకుంది. నేను పక్కకు ఒక్క విదిలింపు ఇచ్చా. చూశారా, ఆ వంపు సాగిపోయి, తన చేతి దాకా వెళ్లి తిరిగొచ్చేసింది. స్లో మోషన్‌లో మళ్లీ చూడండి. వెళ్లేటప్పుడు కుడివైపు ఉన్న వంపు వచ్చేటప్పుడు ఎడమవైపుకు మారింది. బిగించి పట్టిన కొస దగ్గర తరంగం అలా తిరగబడుతుంది. అదే కొసకు పొడవాటి దారం కట్టి వదులుగా పట్టుకుంటే, వెళ్లిన వైపే తిరిగొస్తుంది.

మధ్యలో ఒక చుట్టకు ఎర్ర దారం ముడేశా. అది పక్కకు జరిగి, మళ్లీ తన చోటికే వచ్చి ఆగింది. ముందుకు వెళ్లింది స్టీలు కాదండీ, శక్తి.

ఇప్పుడు అసలు విషయం. అల త్వరగా చేరాలంటే ఏం చేయాలని ఏ పిల్లల్ని అడిగినా, గట్టిగా ఊపాలి అంటారు. ఊపి చూద్దాం. వంపు పెద్దదైంది, అంటే కంపన పరిమితి పెరిగింది. పట్టిన టైమ్ మాత్రం దాదాపు అంతే. పోనీ చెయ్యి గబగబా ఆడిద్దాం. పౌనఃపున్యం పెరిగింది, వంపులు దగ్గరదగ్గరగా వచ్చాయి, తరంగదైర్ఘ్యం తగ్గింది. ఆ రెండింటి లబ్ధమే వేగం, అది మారలేదు. వేగాన్ని తేల్చేది మన చెయ్యి కాదు, యానకం, అంటే అల ఏ వస్తువు గుండా వెళ్తుందో అది. స్ప్రింగ్ ఎంత బిగువుగా ఉంది, మీటరుకు ఎంత బరువుంది, అంతే. పిల్లలు బట్టీ పట్టే సూత్రం ఇలా నేల మీద కళ్లకు కనబడుతుంటే నాకు ఎంత ఆనందమో!

ఇంకొకటి. స్ప్రింగ్‌ను ఇంకాస్త లాగండి. బిగువు పెరుగుతుంది, మీటరుకు బరువు తగ్గుతుంది, దాంతో వేగం పెరుగుతుంది. కానీ అల వెళ్లాల్సిన దూరమూ పెరిగింది కదా. అందుకే అవతలికి చేరే టైమ్ దాదాపు మారదు. స్టాప్‌వాచ్ పెట్టి మీరే చూడండి. ఈ ఒక్కదాని కోసం ఎంతసేపైనా నేల మీద కూర్చోవచ్చు.

ఇక గైడ్ కార్డు. దీని మీద నాకు నిజంగా కోపమొచ్చింది. గాలిలో ధ్వనిని కూడా పాములా మెలికలు తిరిగే గీతగా వేసి వదిలేశారు. అది పీడనం హెచ్చుతగ్గుల గ్రాఫ్ అని ఒక్క మాట రాయలేదు. పిల్లలేమో గాలి పైకీ కిందికీ ఊగుతుందనుకుంటారు. గాలిలో ధ్వని అనుదైర్ఘ్య తరంగం, అంటే అల వెళ్లే దారి వెంబడే గాలి ముందుకూ వెనక్కూ ఊగుతుంది. ఇదిగో, నాలుగు చుట్టలు దగ్గరికి నొక్కి వదిలా. ఆ ఒత్తు స్ప్రింగ్ వెంబడే ముందుకు పరుగెత్తింది, అదే సంపీడనం. చుట్టలు ఎడంగా జరిగిన చోటు విరళీకరణం. స్ప్రింగ్ ఇంత చక్కగా చెబుతుంటే కార్డు చెడగొడుతోంది.

ట్యూనింగ్ ఫోర్క్ బాగుంది, 512 హెర్ట్జ్‌ది. 20 డిగ్రీల గాలిలో ధ్వని సెకనుకు 343 మీటర్లు వెళ్తుంది కాబట్టి, దీని తరంగదైర్ఘ్యం 67 సెంటీమీటర్లు, అంటే దాదాపు మూరన్నర. నీళ్ల ట్రే లైటు మరీ మసక, దాన్ని వదిలేయండి.

తొమ్మిదో తరగతిలో ధ్వని పాఠం చదివే పిల్లలుంటే కళ్లు మూసుకుని కొనండి. కిట్ ధర ఎక్కువనిపిస్తే స్టీల్ స్లింకీ విడిగా దొరుకుతుంది, ప్లాస్టిక్‌ది మాత్రం వద్దు. ఆడేటప్పుడు లాగి పట్టిన కొసను ఒక్కసారిగా వదలనివ్వకండి. చుట్టలు వంకరపోతే మళ్లీ సరిచేయలేం.