మన లొద్దిలోకి జేసీబీ వద్దు
(అచ్చంపేట ప్రాంతంలో జరిగిన అటవీ దినోత్సవ సభలో చేసిన ప్రసంగం)

వేదిక మీద ఉన్న పెద్దలకు, అటవీ శాఖ అధికారులకు, లెక్చరర్లకు, పెంటల నుంచి, అంటే అడవిలోని చెంచు గూడేల నుంచి, పని మానుకుని వచ్చిన అన్నలకు, అక్కలకు, పిల్లలకు నమస్కారం. అందరి పేర్లూ చెప్పాలనే ఉంది. టైం తక్కువ, మన్నించండి.

నాకిచ్చిన అంశం అడవులు, వాతావరణ మార్పు. 2013 నుంచి మార్చి 21న దేశదేశాల్లో జరుపుతున్న రోజిది, పెద్ద అంశమే ఇచ్చారు. నేను మాత్రం మన ఊరి పక్కనున్న లొద్ది, అంటే నీళ్లు నిలిచే ఆ లోతైన అడవి లోయ గురించి, అందులోకి దిగే తోవ గురించి మాట్లాడుతాను. చైత్ర పౌర్ణమి దగ్గరికొచ్చింది. నల్లమలలో సలేశ్వరం జాతర జరిగే రోజుల్లోనే మన లొద్దిలోని శివుడు, లింగమయ్య దగ్గరికీ జనం దిగుతారు. ఆ తర్వాత రెండు నెలలకు వానలు. చేయాల్సిన పనికి ఉన్న సమయం ఇంతే.

అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ 2,600 చదరపు కిలోమీటర్ల పైమాటే. అందులో మన లొద్ది ఎంత? కానీ పైన నల్లమద్ది, ఏగిస, తునికి, కిందికి దిగేకొద్దీ తెల్లమద్ది, వెదురు, ఎండాకాలంలోనూ చెమ్మ ఆరని బండలు. ఇదంతా మన ఊళ్ల మీద పడే నీళ్లను పట్టి ఉంచే చోటు. 2019లో యురేనియం తవ్వకాలు వద్దని ఈ ప్రాంతమంతా రోడ్డెక్కింది. ఆ సెప్టెంబర్‌లో అసెంబ్లీ కూడా తీర్మానం చేసింది. అప్పుడు నినాదాలిచ్చిన వాళ్లు ఈ హాల్లో చాలామంది ఉన్నారు. ఆ పట్టుదలలో పిసరంత ఈ తోవ మీద పెట్టమని అడగడానికే వచ్చాను.

తోవ బాగుచేస్తే అడవికేం ఒరుగుతుందని చాలామంది అడుగుతారు. తోవ బాగుంటే జనం ఒకే వరసలో నడుస్తారు. తోవ కోసుకుపోతే పక్కనుంచి నడుస్తారు. ఆ పక్క కూడా బురదైతే ఇంకో పక్క. ఒక్క జాతరలోనే ఒక బాట మూడు బాటలవుతుంది. ఆ మేర గడ్డి పోతుంది, మొలకలు పోతాయి, మట్టి గట్టిపడి చుక్క నీరు ఇంకదు. కాబట్టి మేం కొంతమందిమి పలుగూ పారా పట్టుకుని ఆ తోవ మీద చేసేది అడవి పనే.

అందులో ముక్కాలు పని నీళ్లతోనే. బాటను లోయ వైపు కొద్దిగా వాలుగా ఉంచాలి, అప్పుడు వాన నీరు బాట మీద పరుగెత్తకుండా అడ్డంగా జారిపోతుంది. ఏటవాలు ఎక్కువున్న చోట బాటకు అడ్డంగా, కొంచెం ఏటవాలుగా రాళ్ల వరస పాతాలి. దాని పక్కన నీరు పోయే చిన్న కాలువ. ఆకులు రాలి ఆ కాలువ పూడిపోతే రాళ్లు పాతినా వృథా. ప్రతి ఏటా వానలకు ముందు తీయాల్సిందే. ఇది మాకు ఏ పుస్తకమూ నేర్పలేదు. పెంటలోని ఒక తాత పక్కన నిలబడి, "అక్కడ కాదు సారూ, ఇక్కడ పెట్టు రాయి, వాన ఇట్ల మర్లి వస్తది" అని చెయ్యి పెట్టి చూపించాడు. ఆయన చూపించిన చోట పెట్టిన రాళ్లు ఏ వానకూ కదల్లేదు.

ఇక నా మనసులో మండుతున్న విషయం చెప్పాలి. ఏ ఆఫీసో, ఏ కాంట్రాక్టరో పేరు చెప్పను. భక్తుల సౌకర్యం కోసమని ఒక ఎండాకాలం లొద్దిలోకి జేసీబీని దించారు. వంకర్లు తిరిగే పాత బాటను వదిలేసి, పైనుంచి కిందికి నిటారుగా కోశారు. ఆ వంకర్లు ఎందుకున్నాయో ఎవరినీ అడగలేదు. తాతను అడగలేదు, మమ్మల్ని అడగలేదు. మేం పాతిన రాళ్లను బకెట్‌తో ఎత్తి లోయలోకి నెట్టారు. తెల్లమద్ది వేళ్లు తెగ్గోసి, మట్టి అంచున పోశారు. పని అయిపోయింది, బోర్డు పెట్టారు, వెళ్లిపోయారు.

మొదటి పెద్ద వానకే ఆ బాట వాగు అయింది. మోకాలి లోతు కోసుకుపోయింది. అంచున పోసిన మట్టంతా కిందికి జారి నీటి గుండంలో పడింది. దుప్పులు నీళ్లు తాగే ఆ గుండం ఆ ఏడాది సగం పూడింది. వేళ్లు తెగిన ఒక మద్దిచెట్టు పడిపోయింది. అది ఎన్ని తరాల చెట్టో! నా చిన్నతనంలో మా నాయన జాతరకు తీసుకుపోయినప్పుడు దాని కిందే సద్ది విప్పేవాళ్లం. చెట్టు పోతే పోయింది, ఇంకోటి నాటుదాం అన్నాడొకాయన. మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి చెదలు పడితే 2018లో సెలైన్ సీసాలు కట్టి మందెక్కించి బతికించుకున్నాం. పాత చెట్టు విలువ తెలిసిన ఉమ్మడి జిల్లా మనది. అలాంటి చోట ఆ మాట ఎట్లా వచ్చిందో నాకు అర్థం కాదు.

అప్పటినుంచి మా పనిలో ఎక్కువ భాగం ఆ కోతను పూడ్చడమే. అడ్డంగా రాళ్లు పేర్చుతున్నాం, మట్టి నిలిచిన చోట బోద గడ్డి లేస్తోంది. పాత వంకర బాటను మళ్లీ తెరిచాం.

అడవిని కమ్మేసే కలుపు పొద లంటానా గురించి కూడా ఒక మాట, పిల్లలు గుర్తుపెట్టుకోండి. అంచులు కదిలిన చోటల్లా మొదట లేచేది అదే. పైపైన నరికితే ఇంకా గుబురుగా లేస్తుంది. మట్టి తవ్వి, వేరు మెడ కింద నరికి, పొదను తలకిందులుగా పడేయాలి, అప్పుడే ఎండుతుంది. కాయ పట్టకముందే చేయాలి. పిట్టలు ఆ పండ్లు తిని గింజలు ఎక్కడెక్కడో వేస్తాయి. మరుసటి ఏడు అదే చోటికి మళ్లీ పోయి మొలకలు పీకాలి. ఒక్కరోజు వచ్చి ఫొటో దిగి వెళ్తే ఈ పని కాదు. అమ్మా, వెనక వరసలో ఫోన్లు చూస్తున్న తమ్ముళ్లూ, మిమ్మల్నే అడుగుతున్నా. రెండో ఏడు కూడా వస్తారా?

అధికారులు వేదిక మీదే ఉన్నారు కాబట్టి అందరి ముందే అడుగుతాను. సార్, లొద్దిలోకి మళ్లీ యంత్రం దించకండి. బాటకు డబ్బులుంటే పెంటల వాళ్లకు కూలి ఇచ్చి చేతిపనిగా చేయించండి. ఎక్కడ నీరు మళ్లుతుందో వాళ్లకు తెలుసు. మంట సీజన్‌లో నిప్పు పాకకుండా ఆకులు తీసి ఉంచే ఫైర్ లైన్లు ఊడ్చేదీ వాళ్లే, రాత్రి మంట కనబడితే ముందు పరుగెత్తేదీ వాళ్లే. జాతర రోజుల్లో ప్లాస్టిక్ సీసాలను పైనే ఆపండి. కిందికి పోయిన సీసాను మేం భుజాన మోసుకుని పైకి తెస్తున్నాం.

మేం అనుమతి లేకుండా ఎప్పుడూ లోపలికి పోలేదు, ఇప్పుడూ రేంజ్ ఆఫీసులో కాగితం ఇచ్చాం. వచ్చే ఆదివారం పొద్దున ఆరింటికి బస్టాండు దగ్గర కలుద్దాం. పలుగులు, పారలు, కొడవళ్లు మా దగ్గరున్నాయి. మీరు బూట్లు వేసుకుని, స్టీల్ సీసాలో నీళ్లు తెచ్చుకోండి. అగ్గిపెట్టె, బీడీ ఎవరూ తేవద్దు. పదకొండు లోపు పైకి వచ్చేస్తాం. మొదట పూడిపోయిన కాలువలు తీద్దాం, రాళ్ల పని తాత వచ్చాక మొదలుపెడదాం. పేర్లు రాసుకోవడానికి మా వాళ్లు తలుపు దగ్గర నోట్‌బుక్ పట్టుకుని నిలబడ్డారు.