పూర్తి రోజు బడి, సగం రోజు డబ్బు: టెక్సాస్ ప్రీ-కే బడ్జెట్

వ్యాఖ్యాత: నమస్కారం. టెక్సాస్ ప్రభుత్వ బడుల్లో నాలుగేళ్ల పిల్లలకు ప్రీ-కే చదువు, అంటే కిండర్‌గార్టెన్‌కు ముందు ఏడాది తరగతి, ఉచితమని వింటూ ఉంటాం. ఆ ఖర్చు ఎవరు భరిస్తున్నారు? డల్లాస్ ప్రాంతంలో పాఠశాల బోర్డుల బడ్జెట్లను శ్రద్ధగా చదివే ఒక తల్లి ఈ రోజు మనతో ఉన్నారు. చెప్పండి మేడమ్.

అతిథి: ఉచితం అందరికీ కాదండీ. సెప్టెంబరు 1 నాటికి నాలుగేళ్లు నిండాలి, చట్టం చెప్పిన అర్హతల్లో ఒకటైనా ఉండాలి. కుటుంబ ఆదాయం తక్కువగా ఉండటం, తలదాచుకునే ఇల్లు లేకపోవడం, అమ్మో నాన్నో సైన్యంలో ఉండటం, ఇలాంటివి. మనవాళ్లలో చాలామంది గమనించనిది మరొకటి ఉంది. ఇంగ్లీషు మాట్లాడలేని, అర్థం చేసుకోలేని పిల్లలు కూడా అర్హులే. దానికి ఆదాయంతో పని లేదు. ఇంట్లో తెలుగే వింటూ పెరిగిన బిడ్డకు పాఠశాల జిల్లావాళ్లు, అంటే ఆ ప్రాంతంలోని ప్రభుత్వ బడులను నడిపే సంస్థవాళ్లు, భాషా పరీక్ష పెట్టి చేర్చుకుంటారు.

వ్యాఖ్యాత: జిల్లా తప్పనిసరిగా ఈ తరగతి పెట్టాలా?

అతిథి: అర్హులైన నాలుగేళ్ల పిల్లలు 15 మంది ఉంటే పెట్టాల్సిందే. 2019లో హౌస్ బిల్ 3 అనే రాష్ట్ర చట్టం వచ్చాక అది పూర్తి రోజు నడవాలి. కానీ రాష్ట్రం లెక్కగట్టే డబ్బు సగం రోజుకే. నాకు కోపం వచ్చేది ఇక్కడే. పనేమో పూర్తిగా చేయమంటారు, కూలి సగమే కడతారు.

వ్యాఖ్యాత: ఆ సగం ఎంత?

అతిథి: ఒక విద్యార్థికి ఏడాదికి రాష్ట్రం లెక్కగట్టే ప్రాథమిక కేటాయింపు 2019 నుంచి 6,160 డాలర్లు ఉండేది. 2025లో 55 డాలర్లు పెంచి 6,215 చేశారు. ప్రీ-కే బిడ్డను అందులో సగానికే లెక్కేస్తారు. అదీ చేరిన పిల్లల సంఖ్యను బట్టి కాదు, సగటు రోజువారీ హాజరును బట్టి. తరగతిలో 20 మంది ఉన్నారు, సగటున 18 మంది వస్తున్నారు అనుకోండి. అందులో సగం తొమ్మిది. తొమ్మిది 6,215లు 55,935 డాలర్లు. ఇంగ్లీషు నేర్చుకునే పిల్లలకు, పేద పిల్లలకు పైన కొంత కలుస్తుంది. అయినా డల్లాస్ పరిసరాల్లోని పెద్ద జిల్లాల్లో కొత్త టీచర్ జీతమే 60,000 దాటింది. సహాయకురాలి జీతం, గది, భోజనం, బస్సు ఇంకా లెక్కలోకే రాలేదు. ప్రతి 11 మందికి ఒక టీచరో సహాయకురాలో ఉండేలా ప్రయత్నించమని చెప్పేది కూడా రాష్ట్రమే.

వ్యాఖ్యాత: ఈ కేటాయింపు మొత్తం రాష్ట్ర ఖజానా నుంచే వస్తుందా?

అతిథి: లేదు. మన ఇళ్ల మీద కట్టే ఆస్తి పన్నును ముందు లెక్కలోకి తీసుకుంటారు, తక్కువ పడితే రాష్ట్రం పూడుస్తుంది. ఆస్తుల విలువ బాగా ఎక్కువున్న జిల్లాలైతే మిగులును రాష్ట్రానికే కట్టాలి.

వ్యాఖ్యాత: మరి మిగతా సగం రోజు?

అతిథి: హౌస్ బిల్ 3లోనే ముందస్తు విద్య కేటాయింపు అని ఒకటి పెట్టారు. కిండర్‌గార్టెన్ నుంచి మూడో తరగతి వరకు ఉన్న పేద పిల్లలను, ఇంగ్లీషు నేర్చుకుంటున్న పిల్లలను లెక్కించి ఆ డబ్బు ఇస్తారు. గమనించండి, ఈ లెక్క ప్రధానంగా పై తరగతుల పిల్లలది. అలాంటి పిల్లలు తక్కువగా ఉన్న జిల్లాకు ఆ డబ్బూ తక్కువే. అప్పుడు సాధారణ నిధిలోంచి, అంటే పై తరగతుల ఖర్చులోంచి సర్దుతారు. కొన్ని జిల్లాలు అర్హత లేని పిల్లల దగ్గర ఫీజు తీసుకుంటాయి, కొన్ని పేద కుటుంబాల చిన్నపిల్లల కోసం ఉన్న ఫెడరల్ పథకం హెడ్ స్టార్ట్ నిధులతో కలిపి నడుపుతాయి. శాన్ ఆంటోనియో నగరం వేరే దారి పట్టింది. 2012లో ఓటర్లు డాలరుకు సెంటులో ఎనిమిదో వంతు అమ్మకపు పన్నుకు ఒప్పుకున్నారు, 2020లో మళ్లీ ఆమోదించారు. ప్రీ-కే ఫర్ ఎస్ఏ అనే ఆ నగర ప్రీ-కే కార్యక్రమం ప్రధానంగా దానితోనే నడుస్తోంది. నాకు అది గౌరవించదగ్గ పని అనిపిస్తుంది. బిడ్డలు లేనివాళ్లు కూడా అందులో ఓటేశారు కదా.

వ్యాఖ్యాత: మన కుటుంబాల వైపు నుంచి చేయగలిగింది ఏమైనా ఉందా?

అతిథి: రెండున్నాయి. చేరేటప్పుడు ఇంట్లో ఏ భాష మాట్లాడతారో రాయమని ఫారం ఇస్తారు. బిడ్డను వెనుకబడినట్టు చూస్తారేమోనని భయపడి ఇంగ్లీషు అని రాసేస్తారు కొందరు. దాంతో ఆ అర్హత దారే మూసుకుపోతుంది. తెలుగు అయితే తెలుగు అనే రాయండి. ఇక రెండోది, డిసెంబరులో ఇండియా వెళ్లి, బడి తెరిచాక ఇంకో రెండు వారాలు ఉండిపోవడం. అమ్మమ్మ, తాతయ్యల దగ్గర ఉండాలన్న ఆశ నాకూ తెలుసు, తప్పనను. కానీ ఆ రోజుల హాజరు జిల్లాకు రావాల్సిన డబ్బులోంచి పోతుంది. టీచర్ జీతం మాత్రం ఆగదు కదా.

వ్యాఖ్యాత: బడ్జెట్ మీద మాట్లాడాలంటే ఎప్పుడు వెళ్లాలి?

అతిథి: ఆర్థిక సంవత్సరం కొన్ని జిల్లాల్లో జూలై 1న, మరికొన్నింటిలో సెప్టెంబరు 1న మొదలవుతుంది. బోర్డు బడ్జెట్‌ను ఆమోదించే ముందు బహిరంగ సమావేశం పెట్టాలి, అందులో మనం మాట్లాడవచ్చు. ఖర్చుల పట్టికలో ముందస్తు విద్య కేటాయింపుకు 36 అనే కోడ్ ఉంటుంది. ఆ పద్దులో ఎంత వచ్చింది, అందులో ప్రీ-కేకు ఎంత వెళ్లింది, తక్కువ పడింది ఎక్కడినుంచి తెచ్చారు అని అడగండి. చదువు చెప్పే టీచర్లను కూడా వెంట తీసుకెళ్లండి, తరగతిలో ఏం లోటుగా ఉందో వాళ్లు చెబితే బోర్డు సభ్యులు వింటారు.