ఒక్క మార్కు ఖరీదెంత? ఫార్మసీ చదువులో గ్రేడ్ల లెక్క

[దృశ్యం: గాజువాక, ఉదయం ఆరున్నర. మెడలో గుర్తింపు కార్డులతో యువతీ యువకులు కంపెనీ బస్సుల కోసం నిలబడి ఉంటారు. పక్కన ఇడ్లీ బండి. వ్యాఖ్యాత రోడ్డు పక్కన నిలబడి మాట్లాడతాడు.]

నమస్కారం. మొన్న ఆదివారం మా పిన్ని కూతురు ఫోను చేసింది. బీఫార్మసీ మూడో ఏడు చదువుతోంది. గొంతు వింటే ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేదేమో అని భయపడ్డాను. "అన్నయ్యా, ఫార్మకాలజీలో డెబ్బై తొమ్మిది వచ్చాయి. ఇంకొక్క మార్కు వచ్చుంటే 'ఏ' గ్రేడు వచ్చేది. రీవాల్యుయేషన్‌కు డబ్బు కట్టమంటావా?" అని అడిగింది.

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. తొమ్మిదేళ్లు విశాఖ దగ్గరి పరవాడలో మందుల కంపెనీ క్వాలిటీ కంట్రోల్ ల్యాబులో పనిచేశాను. కొత్తవాళ్లను తీసుకునే ఇంటర్వ్యూల్లో బల్లకు అవతలివైపు కూర్చున్నాను. అయినా ఒక్క మార్కు విలువ ఎంతో ఎప్పుడూ లెక్కగట్టలేదు. ఆ రాత్రి కాగితం తీసుకుని కూర్చున్నాను.

[తెర మీద: గ్రేడ్ల పట్టిక. 90 నుంచి ఓ గ్రేడు, 10 పాయింట్లు; 80 నుంచి ఏ, 9; 70 నుంచి బీ, 8; 60 నుంచి సీ, 7; 50 నుంచి డీ, 6; యాభై లోపు ఎఫ్, సున్నా]

ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే పీసీఐ, పెట్టిన మెట్లు ఇవి. డెబ్బై వచ్చినా బీ, డెబ్బై తొమ్మిది వచ్చినా బీ. మా చెల్లి ఏడుపంతా ఆ మెట్టు అంచు దగ్గరే.

ఆమె అయిదో సెమిస్టర్‌లో మొత్తం 26 క్రెడిట్లు, అంటే ఒక్కో సబ్జెక్టు బరువుకు ఇచ్చే అంకెలు. ఫార్మకాలజీ థియరీకి నాలుగు. 'బీ' కాకుండా 'ఏ' వచ్చి ఉంటే నాలుగు క్రెడిట్లకు తలా ఒక పాయింటు పెరిగేది. నాలుగును 26తో భాగించండి. ఆ సెమిస్టర్ సగటు 0.15 పెరిగేది. నాలుగేళ్ల డిగ్రీకి కావలసినవి కనీసం 208 క్రెడిట్లు. అదే నాలుగును 208తో భాగిస్తే 0.02. ఆమె పట్టా చేతికొచ్చే రోజున ఆ ఒక్క మార్కు ఖరీదు అంతే. 8.10 కావలసింది 8.08 అవుతుంది.

ఆ మార్కు ఎక్కడ పోయిందో కూడా వెతికాం. థియరీ పేపరులో వందకు 25 ఇంటర్నల్, 75 సెమిస్టర్ పరీక్ష. ఆ 25లో సెమిస్టర్ మధ్యలో కాలేజీ పెట్టే రెండు పరీక్షల (సెషనల్స్) సగటుకు 15, మిగిలిన పదిలో నాలుగు హాజరుకు. 95 శాతం దాటితే నాలుగు, 90 దాటితే మూడు, 85 దాటితే రెండు. మా చెల్లి హాజరు 89. భీమిలిలో మా బాబాయి కొడుకు పెళ్లికి రెండు రోజులు ముందే వెళ్లిపోయింది. పోయిన మార్కు జవాబు పత్రంలో కాదు, పెళ్లి పందిట్లో ఉంది. రీవాల్యుయేషన్‌లో దాన్ని ఎవరూ వెతికి తీయలేరు!

[దృశ్యం: బస్సు కదులుతుంది. వ్యాఖ్యాత కిటికీ పక్కన కూర్చుని ఉంటాడు. బయట స్టీల్ ప్లాంటు వైపు వెళ్లే రోడ్డు.]

అయితే గ్రేడ్లు దండగ అని చెప్పడానికి ఈ వీడియో చేయడం లేదు. అలా చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లలో ఎక్కువమందికి మంచి మార్కులే వచ్చాయి.

ఇప్పుడు ఇంకో లెక్క. అదే సెమిస్టర్‌లో అన్నిట్లోనూ బీ వచ్చిందనుకోండి, సగటు 8. ఒక్క నాలుగు క్రెడిట్ల పేపరు తప్పితే దానికి సున్నా పడుతుంది. మిగిలిన 22 క్రెడిట్లకు ఎనిమిదేసి, మొత్తం 176. దాన్ని 26తో భాగిస్తే 6.77. అంచు మీద పోయిన మార్కు 0.15 తీసుకుంటే, తప్పిన పేపరు ఒకటింపావు దాకా లాక్కుపోతుంది. తర్వాత పాసైతే కొత్త గ్రేడే లెక్కలోకి వస్తుంది, పాత ఎఫ్ సగటులోంచి పోతుంది. కానీ డిగ్రీలో ఒక్క పేపరు తప్పినా ర్యాంకుకు అర్హత ఉండదు. ఒకటి, రెండు సెమిస్టర్ల పేపర్లన్నీ పాసవకుండా అయిదో సెమిస్టర్‌లోకి రానివ్వరు. ఏడో సెమిస్టర్‌కు మొదటి నాలుగూ పూర్తికావాలి. బ్యాక్‌లాగ్, అంటే తప్పి మిగిలిపోయిన పేపరు, తినేది మార్కులను కాదు, ఏడాదిని.

ఒక చమత్కారం కూడా ఉంది. పీసీఐ లెక్కలో సీజీపీఏ, అంటే మొత్తం చదువు సగటు, 7.5 దాటితే డిస్టింక్షన్, 6 నుంచి 7.49 దాకా మొదటి శ్రేణి, 5 నుంచి 5.99 రెండో శ్రేణి. పాస్ మార్కు యాభై. యాభైకి డీ గ్రేడు, దానికి ఆరు పాయింట్లు. అంటే నాలుగేళ్లూ బొటాబొటిగా గట్టెక్కినవాడికి కూడా ఆరు తప్పదు, మొదటి శ్రేణి తప్పదు! అన్నీ పాసయ్యాక రెండో శ్రేణిలో పడడం ఎలాగో నాకు అర్థం కాలేదు. అందుకే పెళ్లిచూపుల్లో తప్ప ఎక్కడా "ఫస్ట్ క్లాస్" అన్న మాటకు విలువ లేదు. ఇంటర్వ్యూలో మేము మార్కుల మెమోలే తెమ్మనేవాళ్లం.

[దృశ్యం: పరవాడ, ఫార్మా సిటీ రోడ్డు. దూరంగా పొగగొట్టాలు.]

ఇది జవహర్‌లాల్ నెహ్రూ ఫార్మా సిటీ. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక పరవాడ అనకాపల్లి జిల్లాలోకి వెళ్లింది. కాగితం మీదే లెండి, ఉద్యోగులు మాత్రం ఇప్పటికీ గాజువాక నుంచే బస్సెక్కుతారు.

కొత్తవాళ్లను తీసుకునేటప్పుడు ఇక్కడ మార్కులు ఒకే ఒక్క చోట పనిచేస్తాయి, దరఖాస్తులు వడబోసేటప్పుడు. చాలా చోట్ల అరవై శాతం, బ్యాక్‌లాగులు ఉండకూడదు అన్నది గీత. నాలుగు వందల దరఖాస్తులు వస్తే హెచ్‌ఆర్ వాళ్లు ఆ గీత గీసి కింద ఉన్నవి పక్కన పెట్టేస్తారు. తక్కువ మార్కులవాడు ఇంటర్వ్యూలో అందరినీ మెప్పించిన కథ చెప్పమని అడుగుతుంటారు. నా దగ్గర అలాంటి కథ లేదు, అతను మా గది దాకా వస్తే కదా!

గది లోపలికి వచ్చాక మాత్రం 6.8కీ 9.1కీ తేడా చూసినవాళ్లు మాలో ఎవరూ లేరు. మందులోని పదార్థాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రంలో కాలమ్ ఎందుకు పాడవుతుంది, మాత్ర కరిగే తీరు చూసే డిజొల్యూషన్ పరీక్షలో నీటి ఉష్ణోగ్రత ఎంత, ఎందుకంత, ఇలా సాగేవి ప్రశ్నలు. నేను ప్రతిసారీ అడిగే ప్రశ్న ఒకటుంది. "తూకం 0.2513 గ్రాములు వచ్చింది. పొరపాటున 0.2531 అని రాశారు. ఏం చేస్తారు?"

ఒకసారి పదకొండు మందిని అడిగాను. తొమ్మిది మంది దాదాపు ఒకే మాట చెప్పారు. వాళ్లలో సీజీపీఏ తొమ్మిది దాటిన అమ్మాయి ఎంతో మర్యాదగా, "ఆ పేజీ తీసేసి, మళ్లీ శుభ్రంగా రాస్తాను సార్" అంది.

[దృశ్యం: బల్ల మీద రెండు పుస్తకాలు. ఒకటి అట్ట వేసి, రంగు పెన్నులతో గీతలు గీసిన కాలేజీ రికార్డు. రెండోది మామూలు నోటుపుస్తకం, పేజీలకు అంకెలు, అక్కడక్కడ కొట్టివేతలు.]

ఆ జవాబు ఆమె తప్పు కాదు. నాలుగేళ్లు మనం ఆమెకు మార్కులు వేసింది దానికే. దీన్ని దగ్గరగా చూడండి.

ఎడమవైపుది కాలేజీ రికార్డు. టైట్రేషన్, అంటే ద్రావణం చుక్క చుక్కగా పోసి గాఢత తేల్చే ప్రయోగం. ద్రావణాన్ని కొలిచి పోసే గాజుగొట్టం, బ్యూరెట్ మీద రీడింగులు 9.8, 9.8, 9.8. మూడూ అచ్చుగుద్దినట్టు ఒకటే. మొదటి ఏడాది పిల్లవాడి చేతిలో, కారే కుళాయి ఉన్న బ్యూరెట్‌తో, మూడుసార్లూ చుక్క తేడా లేకుండా వస్తుందా? రాదు. అసలు వచ్చినవి 9.6, 10.1, 9.9 అయి ఉంటాయి. అవి అబ్జర్వేషన్ పుస్తకంలో పెన్సిలుతో ఉంటాయి, లేదా అరచేతి మీద. ఆదివారం రాత్రి హాస్టల్లో సీనియర్ రికార్డు పక్కన పెట్టుకుని, ఫలితం నుంచి వెనక్కి లెక్కగట్టి, రీడింగులు పుట్టించి, స్కేలుతో గీతలు గీసి శుభ్రంగా ఎక్కిస్తారు. సోమవారం సంతకం పడుతుంది. నేనూ అలాగే రాశాను. నా రికార్డు మరీ అందంగా ఉండేది, జూనియర్లు అడిగి తీసుకెళ్లేవారు.

కుడివైపున ఉన్నది కంపెనీ ల్యాబు నోటుపుస్తకం ఎలా ఉండాలో చూపడానికి నేను రాసిన నమూనా. తూకం వేసిన క్షణంలోనే రాయాలి. తప్పు రాస్తే ఒకే ఒక్క అడ్డగీత, పాత అంకె కనబడుతూనే ఉండాలి. పక్కన సరైన అంకె, ఎందుకు మార్చారో కారణం, సంతకం, తేదీ. పేజీ చించకూడదు. తెల్ల సిరా పూయకూడదు. చీటీ మీద రాసుకుని తర్వాత ఎక్కిస్తే ఆ చీటీయే నేరానికి సాక్ష్యం. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018 డిసెంబరులో డేటా విశ్వసనీయత మీద ఒక మార్గదర్శక పత్రమే ఇచ్చింది. తనిఖీకి వచ్చేవాళ్లు చెత్తబుట్టలు కూడా చూస్తారు. మొత్తం కంపెనీ ఎగుమతులు ఒక చిరిగిన కాగితం దగ్గర ఆగిపోవచ్చు.

ఈ చదువులో అన్నిటికన్నా నన్ను ఇబ్బందిపెట్టే విషయం ఇదే. కాలేజీలో ఎక్కువ మార్కులు తెచ్చే అలవాటు, కంపెనీలో ఉద్యోగం తీసే అలవాటు ఒకటే. ఆ అమ్మాయిని తీసుకున్నాం, మిగతావన్నీ బాగా చెప్పింది. శుభ్రంగా రాసే అలవాటు పోవడానికి మాత్రం ఎనిమిది నెలలు పట్టింది.

లెక్చరర్లు ఎవరైనా చూస్తుంటే ఒక మనవి. కొట్టివేతలు ఉన్న రికార్డుకు ఒక మార్కు ఎక్కువ వేసి చూడండి.

[దృశ్యం: విశాఖ నగరం, మహారాణిపేట. కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) ఎదురుగా వరుసగా మందుల షాపులు.]

ఇక నగరంలోకి వద్దాం. ఈ షాపుల్లో గోడ మీద ఫార్మసీ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ కనిపిస్తుంది, ఉండాల్సిన చోట ఉంటే. దాని మీద పేరు, నంబరు ఉంటాయి, గ్రేడు ఉండదు. 1948 ఫార్మసీ చట్టం, 42వ సెక్షన్ ప్రకారం డాక్టరు రాసిన మందు రిజిస్టర్డ్ ఫార్మసిస్టే ఇవ్వాలి. ఆ ఫార్మసిస్టుకు యాభై రెండు వచ్చాయా, తొంభై రెండా అని చట్టం అడగదు. డ్రగ్ ఇన్‌స్పెక్టర్ ఉద్యోగానికీ అంతే, అర్హత డిగ్రీ, ఎంపిక పరీక్ష.

కానీ ఇదే కేజీహెచ్ లాంటి ప్రభుత్వాసుపత్రుల్లో, ఆరోగ్య కేంద్రాల్లో కాంట్రాక్టు ఫార్మసిస్టు పోస్టులు పడినప్పుడు కథ మారిపోతుంది. ఇటీవలి నోటిఫికేషన్లలో రాత పరీక్ష లేదు. వంద మార్కుల్లో 75 మీ డిగ్రీ లేదా డిప్లొమా మార్కుల నుంచే వస్తాయి. చదువు పూర్తయ్యాక గడిచిన ఏడాదికి ఒకటి చొప్పున పది దాకా, అంతకుముందు కాంట్రాక్టు సేవ ఉంటే పదిహేను దాకా. డెబ్బై శాతం వచ్చిన వ్యక్తికీ, ఎనభై శాతం వచ్చిన వ్యక్తికీ మధ్య తేడా ఏడున్నర మార్కులు. కాంట్రాక్టు సేవ లేకుండా ఆ తేడా పూడాలంటే మొదటి వ్యక్తి ఎనిమిదేళ్లు ముందు పాసై ఉండాలి. ఇక్కడ మాత్రం దశాంశాల మీద ఉద్యోగాలు వస్తాయి, పోతాయి. నేను మా చెల్లితో 0.02 గురించి నవ్వుతూ చెప్పాను కానీ, ఈ జాబితాల్లో పేర్లు తారుమారయ్యేది అలాంటి చిల్లర దగ్గరే.

[తెర మీద: పై చదువులు]

పై చదువుల సంగతి త్వరగా చెప్పేస్తాను. ఎంఫార్మసీకి పీసీఐ అడిగేది బీఫార్మసీలో 55 శాతం. ఆ తర్వాత లెక్కకు వచ్చేది ప్రవేశ పరీక్షే, ముఖ్యంగా జాతీయ స్థాయి జీప్యాట్. 125 ప్రశ్నలు, 500 మార్కులు, తప్పుకు ఒకటి కోత. అర్హత సాధించి ఎంఫార్మసీలో చేరితే నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ వస్తుంది. నైపర్ అనే జాతీయ ఫార్మా విద్యా సంస్థలకు వెళ్లాలంటే జనరల్ వారికి 6.75 సీజీపీఏ లేదా 60 శాతం ఉండాలి. అంటే మళ్లీ గీతే. 6.75 దాటినవాడికీ 9.5 వాడికీ ప్రవేశ పరీక్ష దగ్గర తేడా లేదు.

అమెరికాలో ఫార్మసిస్టు కావాలనుకునే బీఫార్మసీ విద్యార్థులకు గ్రేడ్లు కాదు, ఏళ్లు అడ్డం. 2003 తర్వాత పట్టా పొందినవారికి అక్కడి అర్హత పరీక్ష అయిదేళ్ల ఫార్మసీ చదువు అడుగుతుంది. మనది నాలుగేళ్లు. పదికి పది వచ్చినా అయిదో ఏడు పుట్టుకురాదు. ఆరేళ్ల డాక్టర్ ఆఫ్ ఫార్మసీ (ఫార్మ్‌డీ) వాళ్ల దారి వేరు.

[దృశ్యం: ఆర్కే బీచ్, సాయంత్రం. వ్యాఖ్యాత గట్టు మీద కూర్చుని ఫోను చూస్తుంటాడు.]

ఈ లెక్కలన్నీ వేసి మా చెల్లికి ఫోను చేశాను. ముప్పావుగంట మాట్లాడాను. పేపరు తప్పకుండా చూసుకోమన్నాను, సీజీపీఏ ఏడున్నర దాటి ఉంచుకోమన్నాను. ఆరోగ్య శాఖ పోస్టుల మీద ఆశ ఉంటే ప్రతి మార్కూ ఏరుకోమన్నాను, లేకపోతే ఆ సమయం జీప్యాట్‌కు పెట్టమన్నాను. రేపటి ల్యాబులో వచ్చిన రీడింగే రాయి, తప్పితే ఒక గీత కొట్టి సంతకం పెట్టు అన్నాను.

అంతా విని, "మరి మా మేడమ్ మళ్లీ రాసుకురమ్మంటే?" అంది.

నా దగ్గర జవాబు లేదు. రెండు పుస్తకాలూ ఉంచుకో, మొదటిది పారేయకు అన్నాను.

"సరే అన్నయ్యా. పొద్దున్నే రీవాల్యుయేషన్‌కు కట్టేశాను. నాన్న ఇచ్చారు." ఫలితం ఇంకా రాలేదు.