లోతు లేని సముద్రం

శ్రోతలకు నమస్కారం.

సెలవులు దగ్గర పడ్డాయంటే హైదరాబాద్ ఇళ్లలో పిల్లలు అడిగేది ఒకటే, సముద్రం. గోవాకు టికెట్లు దొరకవు. విశాఖలో గదులు దొరకవు. అంత దూరం కూర్చోవాలంటే ఇంట్లో పెద్దవాళ్లకు నడుము సహకరించదు. అందుకని ఈ పూట బందరు గురించి చెబుతాను. అదే, మచిలీపట్నం.

మన ఎల్బీనగర్ మీదుగా విజయవాడ వైపు పోయే 65వ నంబరు జాతీయ రహదారి విజయవాడతో అయిపోదు. ఇంకో 70 కిలోమీటర్లు సాగి బందరులో ఆగుతుంది. అంటే మనం రోజూ ఆఫీసుకు పోయే రోడ్డు చివరనే సముద్రం ఉంది. బీదర్ నుంచి సికింద్రాబాద్ మీదుగా వెళ్లే రాత్రి రైలు కూడా ఉంది. ముసలివాళ్లు, చంటిపిల్లలు ఉన్న ఇంటికి రైలే మేలు. పడుకుని వెళ్తారు, పొద్దున దిగి అటూ ఇటూ తిరగడానికి ఆటో మాట్లాడుకుంటారు.

ఈ దారి మనకు కొత్తది కాదు. గోల్కొండ కుతుబ్ షాహీలకు రేవు ఇదే. బందరు అన్న మాటే పారసీ మాట, రేవు అని అర్థం. డచ్చివాళ్లు వచ్చారు, 1611లో ఇంగ్లిష్ కంపెనీ ఓడ వచ్చింది, ఆ తర్వాత ఫ్రెంచివాళ్లు. మనకున్న సమయం తక్కువ కాబట్టి చరిత్ర ఇంతటితో ఆపి సముద్రం దగ్గరికి వస్తాను.

ఊరికి 11 కిలోమీటర్ల దూరంలో మంగినపూడి బీచ్. వెళ్లేముందే పిల్లలకు ఒక మాట చెప్పి తీసుకెళ్లండి. అక్కడ నీళ్లు నీలంగా ఉండవు. కాలి కింద తెల్ల ఇసుక ఉండదు. నల్లటి, మెత్తటి ఒండ్రు ఉంటుంది, పాదం మడమ దాకా దిగుతుంది. సినిమాల్లో చూసిన సముద్రం అనుకుని వెళ్తే పిల్లలు మొదటి పది నిమిషాలు మొహం ముడుచుకుంటారు. ఆ నలుపు మురికి కాదు. కృష్ణమ్మ కొన్ని వందల కిలోమీటర్లు మోసుకొచ్చి ఇక్కడ పోసిన మట్టి. ఆ మట్టి పేరుకునే ఈ సముద్రానికి లోతు లేకుండా పోయింది. చాలా దూరం నడిచినా నీళ్లు మోకాలి దగ్గరే ఉంటాయి.

లోతు లేని సముద్రం. ఈ ముక్క గుర్తుంచుకోండి, బందరు కథంతా ఇందులోనే ఉంది. లోతు లేదు కాబట్టి పెద్ద ఓడలు ఒడ్డుకు రాలేకపోయేవి. దూరంగా లంగరు వేసుకునేవి, సరుకంతా చిన్న పడవల మీద ఒడ్డుకూ ఓడకూ మధ్య తిరిగేది. కాలం గడిచేకొద్దీ ఓడలు పెద్దవయ్యాయి, మేట పెరిగింది, వ్యాపారం వేరే రేవులకు తరలిపోయింది. 1864 నవంబరు 1 రాత్రి తుపాను ఉప్పెన ఊరి మీద పడి సుమారు 30,000 మందిని మింగేసింది. అంత ప్రాణనష్టానికి కూడా ఈ పల్లపు తీరం, ఈ లోతులేనితనమే పెద్ద కారణం. తీరం దగ్గర లోతు లేకపోతే తుపాను తోసిన నీటికి పోయే చోటుండదు, పైకి లేచి ఊళ్లోకి వస్తుంది. 2023లో కొత్త పోర్టు పనులు మొదలయ్యాయి. అక్కడా మొదటి సమస్య మట్టి తవ్వి లోతు చేయడమే.

సాయంత్రం ఎండ తగ్గాక బందరులోని డచ్చివాళ్ల సమాధుల దగ్గరికి వెళ్లండి. పలకల మీద వంశచిహ్నాలు, వాళ్ల భాషలో చెక్కిన అక్షరాలు. చాలామంది ఐదు నిమిషాల్లో చూసేసి వెనక్కి తిరుగుతారు. నేను చెప్పేది అరగంట ఉండమని. పిల్లలను అక్షరాల మీద వేలితో రాయనివ్వకండి, ఊరికే దగ్గరగా కూర్చుని చూడనివ్వండి. ఏటవాలు వెలుగులోనే చెక్కడం బాగా కనబడుతుంది, మధ్యాహ్నం నడినెత్తి ఎండలో రాయంతా చదునుగా ఉంటుంది.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటికి వస్తాను. పెడన. బందరుకు 10 కిలోమీటర్లు. మన రైలు ఆ స్టేషను మీదుగానే వెళ్తుంది. కలంకారీ అద్దకం ఊరు. శ్రీకాళహస్తిలో కలంతో గీస్తారు, పెడనలో టేకు చెక్క అచ్చులతో అద్దుతారు. పేరు ఒకటే, పని వేరు.

పొద్దున్నే వెళ్లండి. ఎండతో పని వాళ్లకు, అందుకే ముఖ్యమైన పనులన్నీ మధ్యాహ్నంలోపు అయిపోతాయి. ముందు బట్టలోని గంజి వదిలేదాకా ఉతుకుతారు. తర్వాత కరక్కాయ పొడి కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. బట్ట లేత పసుపు రంగుకు తిరుగుతుంది. ఇక నలుపు. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు కలిపి రెండు మూడు వారాలు పులియబెడతారు. ఆ నీళ్లను కసిం అంటారు. చూడ్డానికి పలచటి గోధుమరంగు నీళ్లే. అచ్చు మీద పెట్టి కరక్కాయ పట్టిన బట్ట మీద అద్దితే కళ్ల ముందే నల్లబడుతుంది. కరక్కాయలో ఉన్న వగరూ ఇనుమూ కలిస్తే నలుపు. కరక్కాయ సరిగా పట్టకపోతే గీత బూడిద రంగుకు పోతుంది. ఈ నీళ్లు పిల్లల చొక్కాల మీద పడితే మాత్రం వదలవు, కాస్త దూరంగా నిలబెట్టండి.

అసలు వింత ఎరుపు దగ్గర ఉంది. ఎర్రగా రావలసిన చోట ఎర్ర రంగు అద్దరు. పటిక అద్దుతారు. పటికకు రంగేమీ ఉండదు, అద్దిన చోటు దాదాపు కనబడదు. ఆ బట్టను తీసుకెళ్లి పారే కాలువ నీళ్లలో జాడిస్తారు. పారే నీళ్లలోనే, నిలవ నీళ్లలో కాదు. ఎందుకంటే ఎక్కువైన పటిక నీళ్లతో పాటు కొట్టుకుపోవాలి. నిలవ నీళ్లలో జాడిస్తే అది బట్టంతా పాకుతుంది, తర్వాత ఉడికించినప్పుడు తెల్లగా ఉండాల్సిన చోటంతా ఎర్ర మరకలు పడుతుంది. ఆ తర్వాత రంగు నీళ్లు మరుగుతున్న పెద్ద గుండిగలో బట్టను వేసి కర్రతో తిప్పుతారు. పటిక ఉన్న చోట ఎరుపు పట్టుకుంటుంది, లేని చోట ఉతికితే పోతుంది. కనబడని పువ్వు కాస్తా ఎర్రగా పైకి వస్తుంది. పిల్లలకు రసాయనశాస్త్రం పుస్తకంలో ఎంత చెప్పినా ఎక్కనిది ఆ గుండిగ దగ్గర ఒక్క నిమిషంలో ఎక్కుతుంది.

అచ్చు వేసేవాళ్ల చేతిని చూడండి. అచ్చు పెట్టడం, వెనక పిడికిలితో ఒక్క గుద్దు, తీయడం. పక్క అచ్చు అంచు ఎక్కడ కలవాలో కొలబద్ద లేదు, కంటి లెక్కే. అందుకే నిజమైన చేతి అద్దకంలో రెండు అచ్చులు కలిసే చోట వెంట్రుకవాసి తేడా ఉంటుంది. కొనేటప్పుడు అదే గుర్తు. గజాల కొద్దీ ఒక్క తేడా లేకుండా గీత కలిసిపోయిందంటే అది స్క్రీన్ ముద్ర అయి ఉంటుంది. బట్ట తిరగేసి చూడండి, వెనక వైపు కూడా రంగు దిగి ఉండాలి. చెట్ల రంగులా, రసాయన రంగులా అని సూటిగా అడగండి. రెండూ చేస్తున్నారు, అడిగితే చెబుతారు. ఇంటికి తెచ్చాక మొదటి రెండు మూడు సార్లు విడిగా, చన్నీళ్లలో ఉతికి, నీడలో ఆరబెట్టండి. ఆదివారం వెళ్తే పని ఆగి ఉండే అవకాశం ఎక్కువ, మామూలు రోజు పెట్టుకోండి. ఒకప్పుడు ఈ అద్దకం బట్టలే బందరు రేవులో ఎక్కి పారశీకం దాకా వెళ్లాయి. సైప్రస్ చెట్టు, తీగ, పువ్వుల పారశీక నమూనాలు ఈ అచ్చుల్లో నేటికీ ఉన్నాయి.

తిండి సంగతి. గిలకలదిండి హార్బరులో పొద్దున పడవలు వస్తాయి. చేప కొని వండించుకునే వీలుంటే మొప్పలు ఎర్రగా ఉన్నాయా, కన్ను ఉబ్బెత్తుగా మెరుస్తోందా చూడండి. వేలితో నొక్కితే గుంట పడి ఉండిపోకూడదు. పిల్లలకు చందువ గానీ వంజరం గానీ పెట్టండి, ముళ్లు తక్కువ. మండపీతల ఇగురు మాత్రం తీరిక ఉన్న పూటే పెట్టుకోండి, ఒక్క పీతకు అరగంట పడుతుంది.

మాంసం తినని ఇళ్లకు బందరు లడ్డు చాలు. ఇక్కడివాళ్లు తొక్కుడు లడ్డు అంటారు, తొక్కడమే దాని ప్రాణం. శనగపిండి జారుగా కలిపి నేతిలో పూసగా వేస్తారు, దాన్ని రోట్లో పోసి పొడి అయ్యేదాకా రోకలితో దంచుతారు, జల్లెడ పడతారు. బెల్లం పాకం, నెయ్యి పోసి మళ్లీ తొక్కుతారు. రెండోసారి తొక్కడంలోనే ఉంది రుచి. అది తక్కువైతే నోట్లో పలుకు తగులుతుంది, సరిగ్గా కుదిరితే నాలుక మీదే కరుగుతుంది. 2017లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. తెచ్చాక ఫ్రిజ్‌లో పెట్టకండి. నెయ్యి గడ్డకట్టి లడ్డు గట్టిపడుతుంది, చిదిపితే పొడిపొడిగా రాలుతుంది.

కారులో వెళ్లినవాళ్లు తిరుగు దారిలో ఘంటసాల చూడవచ్చు. బౌద్ధ మహాచైత్యం ఉంది, ఇటుకలను బండిచక్రం ఆకుల్లా పేర్చి కట్టారు. పక్కనే మ్యూజియం, శుక్రవారం మూస్తారు. అదే మండలంలో శ్రీకాకుళం గ్రామం, కృష్ణదేవరాయలు దర్శించిన ఆంధ్రమహావిష్ణువు గుడి. ఫోను మ్యాపులో ఉట్టి శ్రీకాకుళం అని కొడితే ఉత్తరాంధ్ర జిల్లాకు దారి చూపిస్తుంది, ఘంటసాల అని కూడా కలిపి కొట్టండి. మధ్యాహ్నం గుడి మూసి ఉంటుంది, పన్నెండులోపు చేరుకోండి.

ఇప్పుడు అసలు విషయం, ఎప్పుడు వెళ్లాలి? అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం, వద్దు. ఏప్రిల్, మే ఎండలు భరించలేం. డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి వరకు మంచిది. ఆ రెండు నెలల్లో ఏ రోజు అన్నది గోడకు వేలాడే తెలుగు క్యాలెండరే చెబుతుంది. అమావాస్యకూ పౌర్ణమికీ సముద్రం పోటు ఎక్కువ, పాటూ ఎక్కువ. లోతు లేని సముద్రం కదా, పాటుకు నీళ్లు చాలా దూరం వెనక్కి పోతాయి. పిల్లలు ఆడుకుంటూ వాటి వెంట నడుస్తారు. మోకాలి లోతే అనుకుంటూ ఒడ్డుకు చాలా దూరం వెళ్లిపోతారు. పోటు తిరిగినప్పుడు అంత దూరమూ ఒండ్రులో పాదాలు పీక్కుంటూ వెనక్కి రావాలి. ప్రమాదం అక్కడుంది. పైగా మాఘ పౌర్ణమి నాడు పుణ్యస్నానాల జనం, పిల్లవాడు చేయి వదిలితే దొరకడు.

అష్టమి దరిదాపుల్లో పోటూ పాటూ రెండూ మెత్తగా ఉంటాయి. పిల్లలతో వెళ్లేవాళ్లు స్నానం రోజు అష్టమి, నవమి చుట్టూ పడేలా చూసుకోండి. అష్టమినాడు ప్రయాణం వద్దనే పెద్దలు ఇంట్లో ఉంటే షష్ఠి రాత్రే రైలెక్కండి, అష్టమికల్లా సముద్రం ఒడ్డున ఉంటారు.

పొద్దున ఆరింటికి నీళ్లలో దిగి, తొమ్మిదింటికి బయటికి వచ్చేయండి. ఒండ్రులో చెప్పులు పట్టేసుకుంటాయి, ఒడ్డునే వదిలేయండి. ఇంట్లో అందరికన్నా చిన్న పిల్లకు మోకాలి లోతు ఎక్కడో అదే మీ అందరికీ హద్దు. పెద్దవాళ్లలో ఒకరు పిల్లలకు సముద్రం వైపు నిలబడాలి. అందరూ ఒడ్డు వైపే కూర్చుంటారు, అది తప్పు. తిరిగి పోయే అల లాగేది లోపలికి, కాబట్టి పట్టుకునే చేయి లోపలి వైపునే ఉండాలి. ఐదు లీటర్ల మంచినీళ్ల డబ్బా ఒకటి వెంట ఉంచుకుని ఒండ్రు ఆరకముందే కాళ్లు కడిగేయండి. ఆరిందంటే గోకితే తప్ప పోదు.

నమస్కారం.